ఇంట్లో వైఫైని కొబ్బరితోట దాటించి చెరువు షెడ్డు దాకా తీసుకెళ్ళడం ఎలా

మాది అల్లవరం వైపు పల్లెటూరండి. ముందు పాత పెంకుటిల్లు, దానికి ఆనుకుని కొత్త డాబా, వెనకాల ఒక పాతిక మీటర్లలో పశువుల పాక, ఆ తర్వాత కొబ్బరితోట, తోట దాటాక రొయ్యల చెరువు, గట్టు మీద రేకుల షెడ్డు. ఇంటి హాల్లో రూటర్ నుంచి షెడ్డు దాకా లెక్కేస్తే దాదాపు 280 మీటర్లు. కోనసీమలోనో భీమవరం వైపో ఇలాంటి ఇల్లూ తోటా చెరువూ ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళకి ఉపయోగపడుతుందని మేం రెండేళ్ళ మీద నేర్చుకున్నదంతా వరసగా రాస్తున్నా.

షెడ్డుకి నెట్ ఎందుకు అని అడిగేవాళ్ళకి ఒక్క విషయం చెప్తా. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున, అదే టైముకి కరెంటు పోయి నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే ఒక్క రాత్రిలో పంటంతా పోద్ది. ఇంటి దగ్గర నుంచి కెమెరాలో ఏరియేటర్ తిరుగుతుందో లేదో కనపడితే మనిషికి నిద్ర పడుద్ది. ఇంకోటి, మా చెరువు కాపలా ఉండే కుటుంబంలో ఇద్దరు చదువుకునే పిల్లలున్నారు, సిగ్నల్ కోసం వాళ్ళు గట్టు చివరదాకా నడిచి వెళ్ళి నిలబడటం చూశాక ఇది చేసి తీరాలనిపించింది.

మొత్తం అనుభవంలోంచి నాకు తేలింది ఏంటంటే, వైఫైని దూరం పంపకండి, వైరుని దూరం పంపండి. వైరో ఫైబరో సూటిగా గురిపెట్టిన వైర్‌లెస్ లింకో షెడ్డు దాకా వెళ్ళాలి, అక్కడ చిన్న యాక్సెస్ పాయింట్ (వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా ఇచ్చే పెట్టె) పెట్టి వైఫై ఇవ్వాలి. ఇంట్లో పెద్ద యాంటెన్నాల రూటర్ కొనేసి తోటంతా కవర్ అయిపోద్ది అనుకుంటే అవ్వదు, ఎందుకంటే రూటర్ అరిచినా ఫోన్ తిరిగి అరవలేదు, ఫోన్‌లో ఉండేది చిన్న యాంటెన్నా, తక్కువ పవర్. కనెక్షన్ అంటే రెండు వైపులా వినపడాలి కదా.

ముందు నడిచి కొలవండి

ఏదీ కొనకముందు ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై అనలైజర్ లాంటి యాప్ ఒకటి వేసుకుని ఇంటి నుంచి షెడ్డు దాకా నడవండి. సిగ్నల్ డీబీఎంలో మైనస్ అంకెల్లో చూపిస్తుంది, సున్నాకి దగ్గరగా ఉంటే బలం ఎక్కువ అన్నమాట. మైనస్ 50 అంటే బ్రహ్మాండం, మైనస్ 67 దాకా వీడియో కాల్ హాయిగా నడుస్తుంది, మైనస్ 75 దాటితే కెమెరా ఆగి ఆగి వస్తుంది, మైనస్ 80 తర్వాత పేరు కనపడుద్ది కానీ పని జరగదు. పాక దగ్గర ఎంత, తోట మొదట్లో ఎంత, మధ్యలో ఎంత అని కాగితం మీద రాసుకోండి.

ఈ నడక మాత్రం వాన పడి ఆకు తడిగా ఉన్నప్పుడు ఇంకోసారి చెయ్యండి. మేం మొదట మే నెలలో కొలిచి, ఓ షాపులో చెప్పిన రిపీటర్ (రూటర్ సిగ్నల్ అందుకుని మళ్ళీ పంపే పెట్టె) కొని పాక గోడకి పెట్టాం, జూన్ దాకా బానే ఉంది, వానలు మొదలయ్యాక తోట అవతల ఏమీ రాలేదు. వైఫై తరంగాలకి నీళ్ళంటే పడదు, ఆకులో ఉన్నదంతా నీళ్ళే, దానిమీద వాన నీళ్ళు కూడా చేరితే ఇక దాటవు. అరటాకు అయితే మరీను, పచ్చటి నీళ్ళ తెర కట్టినట్టే.

ఇంటి దగ్గర ముందు సర్దుకోవాల్సినవి

పాత ఇళ్ళ గోడలు బాగా మందం, రూటర్ నడిమింట్లో బీరువా పక్కన ఉంటే సిగ్నల్ వీధిలోకి కూడా రాదు. పెరటి వైపు కిటికీ దగ్గరికి, మనిషెత్తులో మార్చండి, ఆ ఒక్క పనితోనే పెరడూ అరుగూ కవర్ అయిపోతాయి చాలా ఇళ్ళల్లో. రూటర్ వైఫై బ్యాండ్లలో 2.4 గిగాహెర్ట్జ్ ఆరుబయట ఎక్కువ దూరం పోతుంది, 5 గిగాహెర్ట్జ్ స్పీడ్ ఎక్కువ కానీ గోడలకీ ఆకులకీ తొందరగా చచ్చిపోద్ది. 2.4లో ఛానల్ 1, 6, 11 ఈ మూడిట్లోనే పెట్టుకోండి, మిగతావి పక్కదాని మీద పడతాయి. రేకుల షెడ్డు లోపలికి బయటి సిగ్నల్ రాదు, లోహం అంటే తరంగాలకి అద్దం లాంటిది, వెనక్కి కొట్టేస్తుంది, అందుకే యాంటెన్నా రేకు బయట, యాక్సెస్ పాయింట్ రేకు లోపల అనేది గుర్తుంచుకోండి.

రిపీటర్ పూర్తిగా పనికిరానిది అననండి, పాక లాంటి దగ్గర చోటుకి, మధ్యలో అడ్డం లేకపోతే సరిపోద్ది. కానీ మామూలు రిపీటర్ ఒకే రేడియోతో వినాలి, తిరిగి చెప్పాలి, అంచేత స్పీడ్ సగం పడుద్ది. ఒక రిపీటర్‌కి ఇంకో రిపీటర్ తగిలించి చెరువు దాకా వెళ్దాం అని మాత్రం చూడకండి.

పాక దాకా: కేబులే

నెట్‌వర్క్ కేబుల్ ఒక చివర నుంచి ఇంకో చివరకి 100 మీటర్ల దాకా పనిచేస్తుంది, నేనైతే 80 - 90 దగ్గర ఆపేస్తా. కొనేటప్పుడు ఔట్‌డోర్ క్యాట్ 6 అని అడగండి, పైన నల్లటి తొడుగు ఎండకి ఆగేది, నేలలో వేస్తే లోపల జెల్ నింపింది ఇంకా మంచిది. అసలు రాగేనా కాదా అని తప్పకుండా చూడండి. చవగ్గా దొరికే వాటిల్లో అల్యూమినియం తీగకి రాగి పూత ఉంటది, బ్లేడుతో తీగ గీకితే లోపల తెల్లగా కనపడుద్ది. అలాంటిది మన గాలికి ఎక్కువ కాలం ఉండదు, దాంట్లోంచి కరెంటు పంపితే కూడా సరిగ్గా అందదు.

తోటలో కేబుల్‌ని చెట్టు నుంచి చెట్టుకి వేలాడదియ్యకండి, ఇది అందరూ చేసే పని. ఎండిన మట్ట ఒకటి పడితే చాలు తెగిపోద్ది, దింపు తీసేవాళ్ళు పైనుంచి గెల వదిలినా అంతే, పైగా వాళ్ళు చెట్టెక్కేటప్పుడు కాలికి అడ్డం పడితే మనిషికే ప్రమాదం. నేలలోనే వెయ్యండి. అడుగున్నర లోతు గాడి తీసి నల్ల హెచ్‌డీపీఈ పైపు చుట్ట కొని, మధ్యలో అతుకు లేకుండా ఒకటే ముక్క వెయ్యండి. తెల్ల పీవీసీ ముక్కలు అతికిస్తే ప్రతి అతుకు దగ్గరా నీళ్ళు దూరతాయి, మన డెల్టాలో అడుగు తవ్వితే ఊట కదండి, వర్షాకాలంలో పైపు నీళ్ళల్లోనే ఉంటది అనుకుని వెయ్యాలి. పందికొక్కులకి కూడా ఆ మందం పైపు కొరకడం కష్టం. పైపులో కేబుల్‌తో పాటు ఒక నైలాన్ తాడు కూడా లాగి వదిలెయ్యండి, రేపు ఇంకో కేబుల్ వెయ్యాలంటే మళ్ళీ తవ్వక్కర్లేదు. మోటారు కరెంటు వైరుతో ఒకే పైపులో వెయ్యకండి, కనీసం ఒక అడుగు ఎడం ఉంచండి. బోదె అడ్డం వస్తే నీళ్ళు ఆపేసినప్పుడు చూసుకుని, బోదె అడుగుకన్నా కిందనుంచి దాటించండి, పూడిక తీసే పలుగు తగలకుండా.

కేబుల్ చివర ప్లాస్టిక్ క్లిప్పు (ఆర్‌జే45) కేబుల్ లాగాకే కొట్టాలి, ముందు కొడితే పైపులో దూరదు. రంగుల వరస రెండు చివర్లా ఒకటే: తెల్ల-నారింజ, నారింజ, తెల్ల-ఆకుపచ్చ, నీలం, తెల్ల-నీలం, ఆకుపచ్చ, తెల్ల-గోధుమ, గోధుమ. కేబుల్ గోడలోకి దూరే చోట కిందకి ఒక వంపు వదలండి, వాన నీరు ఆ వంపు దగ్గర కిందకి కారిపోద్ది, లేకపోతే కేబుల్ పట్టుకుని నేరుగా పెట్టెలోకి వచ్చేస్తుంది.

చెరువు దాకా: ఫైబరా, గాలిలోంచా

100 మీటర్లు దాటితే ఈ రెండే దారులు. చోటు అనుకూలంగా ఉంటే నా ఓటు ఫైబర్‌కే. మన ఇంటికి నెట్ తెచ్చిన ఆ సన్నటి నల్ల డ్రాప్ వైరే, కిలోమీటర్లు పోతుంది, 280 మీటర్లు దానికి లెక్కే కాదు. రెండు చివర్లా మీడియా కన్వర్టర్ అనే చిన్న పెట్టెలు పెట్టాలి, అవి జతగా కొనాలి, ఒకటి 1310లో పంపి 1550లో వింటే రెండోది దానికి తిరగేసి ఉంటది, రెండూ ఒకే రకం తెస్తే లైట్ వెలగదు. చివర్ల అతుకు మన ఊరి కేబుల్ కుర్రాళ్ళే మిషన్‌తో వేసిస్తారు. కనెక్టర్ రంగు చూడండి, ఆకుపచ్చది ఆకుపచ్చకే, నీలం నీలానికే పెట్టాలి, వాటి మొన కోత వేరు, కలిపితే సిగ్నల్ పోద్ది.

ఫైబర్‌కి ఇంకో గొప్ప గుణం ఏంటంటే అది గాజు, కరెంటు పారదు. షెడ్డు మీద పిడుగు పడినా ఆ దెబ్బ ఈ వైరు పట్టుకుని ఇంటి దాకా రాదు, షెడ్డులో ఒక ఎర్తు ఇంట్లో ఒక ఎర్తు ఉన్నా తేడా రాదు. కాకపోతే డ్రాప్ వైరుతో పాటు వచ్చే బలం కోసం ఉండే ఉక్కు తీగని రెండు చివర్లా ఇంటి బయటే కత్తిరించేసి లోపలికి గాజు మాత్రమే తీసుకెళ్ళండి, లేదా ఉక్కు లేకుండా ఎఫ్‌ఆర్‌పీ (ప్లాస్టిక్ కలిపిన గాజుపీచు) రాడ్లతో వచ్చేది అడగండి.

మేం గాలిలోంచే వెళ్ళాం, ఎందుకంటే మధ్యలో వేరేవాళ్ళ భూమి, మురుగు కాలువ ఉన్నాయి, తవ్వడానికి కుదరదు. దీనికి వాడేవాటిని సీపీఈ అంటారు, టీపీ-లింక్ సీపీఈ510 లాంటివి, యూబిక్విటీ నానోస్టేషన్ లాంటివి, అరచెయ్యంత బల్ల ముక్కలా ఉంటాయి, ఒకటి ఇంటి మీద ఒకటి షెడ్డు మీద పెట్టి ఒకదానికేసి ఒకటి గురిపెట్టాలి. 5 గిగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి, మన దేశంలో ఈ బ్యాండ్‌ని 2018లో ఆరుబయట కూడా లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చారు, సెట్టింగ్‌లో దేశం ఇండియా అని పెట్టుకోండి, మిగతా హద్దులు అదే చూసుకుంటుంది.

ఇక్కడ అసలు కిటుకు తోట గురించి. కంటికి అవతలి యాంటెన్నా కనపడితే చాలదండి, ఆ చూపు గీత చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో ఖాళీ కావాలి, దాన్నే ఫ్రెనెల్ జోన్ అంటారు. 300 మీటర్లకి 5.8 గిగాహెర్ట్జ్‌లో మధ్యలో దాని వ్యాసార్ధం దాదాపు 2 మీటర్లు, అందులో కనీసం 60 శాతం, అంటే గీతకి నాలుగు వైపులా సుమారు 1.2 మీటరు ఆకూ కొమ్మా లేకుండా ఉండాలి. తోట పైనుంచి పోవాలంటే ముదురు కొబ్బరి కన్నా ఎత్తైన టవర్ కావాలి, అది మనవల్ల కాదు. కానీ ముదురు తోటలో తల పైనే ఉంటది, కింద అంతా మొద్దులే కదా. 25 అడుగులకో చెట్టు వరసల్లో నాటిన తోట అయితే రెండు వరసల మధ్య సొరంగం లాంటి దారి ఉంటది, దానికి మనకి కావాల్సిన ఖాళీ సరిపోద్ది. సమస్య అంతరపంట. అరటి ఉంటే మూడు మీటర్ల దాకా ఆకు, కోకో ఉంటే కొమ్మలు. అంచేత యాంటెన్నాలు అరటి పైన, కొబ్బరి మట్టల కింద ఉండేలా పెట్టాలి. మేం రెండు చివర్లా 5 మీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) పైపు వేశాం, ఇంటి వైపు చివర రెండు గజాలు పక్కకి జరిపాం, అలా జరిపితేనే వరసకి సూటి వచ్చింది. లేత తోట అయితే ఈ దారి ఉండదు, అప్పుడు తోట అంచున గట్టు మీదుగా వంకరగా పోయేలా మధ్యలో ఇంకో జత సీపీఈలు పెట్టుకోవడమో ఫైబరో చూసుకోవాలి.

లింకు చెరువు నీళ్ళ మీదుగా పోతే ఇంకో విషయం, నీటి మీద పడి ఎగిరిన తరంగం అసలు తరంగంతో కలిసి ఒక్కోసారి తినేస్తుంది, గాలికి అలలు లేచినప్పుడు సిగ్నల్ ఊగుద్ది. ఒక చివర ఎత్తుగా, ఒక చివర తక్కువగా పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

బిగించే వరస

పైపు ఎక్కించకముందే రెండు సీపీఈలనీ ఇంట్లో బల్ల మీద పెట్టి సెట్ చేసెయ్యండి. ఇంటి వైపు దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో, షెడ్డు దాన్ని క్లయింట్ మోడ్‌లో పెట్టి, పేరూ పాస్‌వర్డూ కలపండి, పవర్ బాగా తగ్గించండి, అంత దగ్గర్లో ఫుల్ పవర్ ఉంటే ఒకదాన్నొకటి చెవుడు చేసేస్తాయి. ఐపీ అడ్రసులు వేరువేరుగా ఇవ్వండి, ఇంటి రూటర్ 192.168.1.1 అయితే వీటికి 192.168.1.11, 192.168.1.12 అనుకోండి, ఆ అంకెలు పెట్టె మూత లోపల స్కెచ్‌తో రాసేసుకోండి. ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చాలు, కెమెరా ఒక్కోటీ 2 నుంచి 4 ఎంబీపీఎస్ తింటుంది, మూడు కెమెరాలూ ఫోన్లూ హాయిగా సరిపోతాయి, వెడల్పు పెంచితే స్పీడ్ పెరిగినా స్థిరత్వం తగ్గుద్ది. బల్ల మీద పనిచేశాక పవర్ మామూలుకి తెచ్చి అప్పుడు ఎక్కించండి.

గురి పెట్టడానికి ఇద్దరు కావాలి, ఫోన్‌లో మాట్లాడుకుంటూ. షెడ్డు దగ్గర మా బాబాయ్, ఇంటి మీద నేను. "బాబాయ్, ఇంకొంచెం ఎడమకి తిప్పు, మెల్లిగా." "అరవై ఆరు... అరవై రెండు... ఒరేయ్ ఆగాగు, యాభై ఏడు వచ్చింది." "అయితే నట్టు బిగించెయ్." ఒక్కసారి ఒక్క చివరే కదపాలి, ఎడమా కుడీ అయ్యాక పైకీ కిందకీ. సిగ్నల్ బలం పెరుగుతూ పోయి తగ్గడం మొదలయ్యాక వెనక్కి వచ్చి ఆపాలి. మైనస్ 50 నుంచి 60 మధ్య స్థిరపడితే వానకి కూడా నిలబడుద్ది.

సీపీఈలకి కరెంటు నెట్ కేబుల్‌లోనే పోద్ది, ఆ కరెంటు కేబుల్‌లోకి ఎక్కించే పీఓఈ ఇంజెక్టర్ కింద గదిలో ఉంటది. డబ్బాతో వచ్చిన ఇంజెక్టర్‌నే వాడండి, కొన్ని 24 వోల్టులవి, కొన్ని 48 వోల్టులవి, 24 దానికి 48 ప్యాసివ్ (అవతల ఏముందో చూడకుండా కరెంటు పంపేసే) ఇంజెక్టర్ తగిలిస్తే కాలిపోద్ది.

షెడ్డులో వైఫై ఇవ్వడానికి ఇంట్లో పక్కన పడేసిన పాత రూటర్ చాలు. దాంట్లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది నొక్కండి, లేకపోతే దాని ఐపీ 192.168.1.2 చేసి, ఫోన్లకి ఐపీ అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఆపేసి, వచ్చే కేబుల్‌ని వాన్‌లో కాకుండా లాన్ పోర్టులో పెట్టండి. డీహెచ్‌సీపీ ఆపడం మర్చిపోతే ఇల్లంతా నెట్ గందరగోళం అయిపోద్ది. ఇంటికీ పాకకీ ఒకటే పేరు పెట్టండి ఫోన్ తనే మారుతుంది, చెరువు దగ్గర మాత్రం వేరే పేరు పెట్టి కెమెరాలు 2.4లో దానికే కట్టెయ్యండి. కాపలా వాళ్ళకి గెస్ట్ నెట్‌వర్క్ విడిగా ఇవ్వండి, పాస్‌వర్డ్ లేకుండా మాత్రం వదలొద్దు.

కరెంటు, పిడుగు, ఉప్పుగాలి

షెడ్డులో పెద్ద మోటార్లు ఆన్ ఆఫ్ అయ్యేటప్పుడు వోల్టేజ్ ఎగిరిపడుద్ది, రూటర్‌కి మినీ యూపీఎస్ పెడితే ఆ దెబ్బా తగ్గుద్ది, కరెంటు పోయినప్పుడూ కెమెరా బతికుంటది, మనకి కావాల్సింది అప్పుడే కదా. అయితే కెమెరాకి, సీపీఈకి, ఇంటి రూటర్‌కి కూడా బ్యాకప్ ఉండాలి, ఒక్కటి పోయినా గొలుసు తెగినట్టే. వోల్టులు సరిపోయేది చూసి తీసుకోండి, 12 వోల్టులవీ ఉంటాయి, పీఓఈకి 24 వోల్టులిచ్చేవీ దొరుకుతాయి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుములూ మెరుపులూ మనకి మామూలే. జీఐ పైపుకి ఎర్తు రాడ్ వెయ్యండి, కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట ఈథర్నెట్ సర్జ్ ప్రొటెక్టర్ పెట్టి దాని ఎర్తు కూడా కలపండి. ఇవి దగ్గర్లో పడిన పిడుగు దెబ్బ తగ్గిస్తాయి, నేరుగా పడితే ఏదీ ఆపదు, అందుకే మబ్బు కమ్ముకోకముందే ప్లగ్గు పీకెయ్యడం అలవాటు చేసుకోండి. ఉరుముతున్నప్పుడు పైపు ముట్టుకోవడం, డాబా ఎక్కడం అసలు వద్దు. పైపు నిలబెట్టేటప్పుడు పైన కరెంటు తీగలు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోండి, పైపు వాలిపోయినా తీగ తగలనంత ఎడం ఉండాలి.

సముద్రం దగ్గరి ఊళ్ళల్లో ఇనుప క్లాంపు ఒక్క ఏడాదిలో తుప్పు పట్టి రాలిపోద్ది, స్టెయిన్‌లెస్ స్టీల్ క్లాంపులే కొనండి. క్లిప్పు లోపల పచ్చటి చిలుము పడితే నెట్ వస్తూ పోతూ ఉంటది, అది చూసి సీపీఈ పాడైందనుకుని కొత్తది కొన్నవాళ్ళు నాకు తెలుసు, క్లిప్పు కోసేసి కొత్తది కొడితే చాలు. బయట పెట్టే పెట్టెలు ఐపీ65 (దుమ్మూ నీళ్ళూ దూరవని చెప్పే గుర్తు) లేదా ఆ పైన ఉన్నవి తీసుకుని, వైరు రంధ్రాలు కింది వైపే ఉంచి, ఆ సందులు మూసెయ్యండి, లేకపోతే చీమలూ బల్లులూ కాపురం పెడతాయి. గోదావరి లంకల్లో ఉన్నవాళ్ళు 1986 వరద నీళ్ళు మీ ఇంట్లో ఎక్కడిదాకా వచ్చాయో పెద్దవాళ్ళని అడిగి పెట్టె దానికి పైన బిగించండి.

తుఫాను సంగతి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, 1996 నవంబర్ చూసినవాళ్ళకి గాలి అంటే ఏంటో తెలుసు, లక్షల కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. 5 మీటర్ల పైపుకి మూడు వైపులా వాలిపోకుండా లాగి పట్టే స్టే వైర్లు కట్టండి, తుఫాను హెచ్చరిక వస్తే ముందురోజే సీపీఈ దింపి లోపల పెట్టెయ్యండి. దింపేముందు పైపు మీద, క్లాంపు మీద కలిపి ఒక గీత గియ్యండి పెయింట్‌తో, మళ్ళీ ఎక్కించేటప్పుడు ఆ గీత కలిపితే గురి దాదాపుగా దొరికేస్తుంది.

ఏడాదికి రెండుసార్లు, వానలకి ముందు ఒకసారి, దసరా అయ్యాక ఒకసారి, సిగ్నల్ అంకె చూసి మొదటిరోజు రాసుకున్నదానితో పోల్చుకోండి. ఐదారు డీబీఎం తగ్గితే ముందు దారిలో పెరిగిన అరటీ, కొత్తగా వంగిన మట్టా చూడండి, ఆ తర్వాత క్లిప్పులు, ఆ తర్వాత గురి. మాకు పోయిన ఏడాది 57 ఉన్నది 68కి వెళ్ళింది, నాలుగు అరటాకులు కోసి భోజనాలకి వాడుకున్నాం, మర్నాటికి మళ్ళీ 58.